‘ఎవరికి’ అన్న మాట ఎక్కడ కూర్చుంటుంది: ఇంగ్లీషు ద్వికర్మక క్రియలపై ఒక కేస్ స్టడీ

కేసు మొదలైన వాక్యం

“ఐ హావ్ సెంట్ ది ట్రైనర్ ది న్యూ అసిస్టెంట్.” ఈ కేసు ఈ ఒక్క వాక్యంతో మొదలైంది. కార్యాలయంలో రోజంతా ఇంగ్లీషు ఈమెయిళ్లు రాసే ఒక ఉద్యోగిని, ట్రైనర్‌ను కొత్త అసిస్టెంట్ దగ్గరికి పంపించానని పై అధికారికి తెలియజేయాలనుకుని ఈ వాక్యం రాశారు. చదివిన అధికారి, కొత్త అసిస్టెంట్‌నే ట్రైనర్ దగ్గరికి పంపించారని అర్థం చేసుకుని, “మీరు కదలకండి, ఆమె మీ దగ్గరికే వస్తోంది” అని ట్రైనర్‌కు కబురు చేశారు. ఇద్దరూ చెరో గదిలో ఒకరి కోసం ఒకరు ఎదురు చూస్తూ కూర్చున్నారు. పూట పోయింది. ఆ వాక్యంలో స్పెల్లింగు తప్పు లేదు, కాలం సరిగ్గానే ఉంది, ఇది దోషమని వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేదు. అది పూర్తిగా సరైన ఇంగ్లీషు వాక్యమే, కాకపోతే ఆమె చెప్పదలచుకున్న సంగతికి సరిగ్గా తలకిందులైన సంగతిని చెబుతోంది.

వయోజనులకు ఇంగ్లీషు రాత నేర్పే పనిలో ఉన్నవాడిగా, ఈ తరహా తప్పు నాకు కొత్త కాదు. కానీ దాని మూలం ఎక్కడుందో నాకు స్పష్టంగా తెలిసింది ఈ అభ్యాసకురాలి వల్లే. నేను మొదట వేసిన అంచనా తప్పని తేలడం కూడా ఈ కేసులోనే జరిగింది. ఆ రెండింటినీ ఉన్నదున్నట్టు రాయడం ఇదే పనిలో ఉన్న ఇతరులకు ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

ఆమె తెచ్చిన వాక్యాలు

మొదటి రోజున ఆమె తన పాత ఈమెయిళ్లను కొన్నింటిని అచ్చు తీసి తెచ్చారు. వాటిలో ఎవరో ఎర్ర సిరాతో గీతలు గీసిన వాక్యాలు ఇలా ఉన్నాయి: “ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మి ది ప్రాబ్లెమ్.” “కెన్ యు సజెస్ట్ మి ఎ డేట్?” “హి టోల్డ్ టు మి ది రీజన్.” “ఐ సెడ్ హిమ్ ది సేమ్ థింగ్.” “ఐ విల్ సెండ్ టు యు ది రిపోర్ట్ టుమారో.” “ఇట్ టుక్ టు మి వన్ అవర్.”

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ‘టెల్’, ‘సెండ్’, ‘టేక్’ అనే క్రియల దగ్గర అక్కర్లేని ‘టు’ వచ్చి చేరింది. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘సజెస్ట్’, ‘సే’ అనే క్రియల దగ్గర ఉండవలసిన ‘టు’ ఎగిరిపోయింది. తప్పు ఒకే దిశలో ఉంటే దానికి ఒక అలవాటును కారణంగా చూపవచ్చు. రెండు దిశల్లోనూ ఉందంటే, ఈ వాక్యాలు రాసిన మనిషి ఒక నియమాన్ని తప్పుగా పాటించడం లేదు, ఏ నియమమూ చేతిలో లేక ప్రతిసారీ ఊహించి రాస్తున్నారని అర్థం. ఆ రోజే నాకు ఈ సంగతి తట్టి ఉండవలసింది.

నా మొదటి అంచనా

నేను దీన్ని ప్రిపోజిషన్ల బలహీనతగా లెక్కగట్టాను. ‘టు’, ‘ఫర్’, ‘విత్’, ‘ఆఫ్’ అనే మాటలు ఎక్కడ రావాలో ఖాళీలు పూరించే అభ్యాసాలు మూడు వారాల పాటు చేయించాను. ఆమె శ్రద్ధగా చేశారు, మార్కులూ బాగానే వచ్చాయి. మూడో వారం చివర ఆమె సొంతంగా రాసుకొచ్చిన పేరాలో మాత్రం “ది మేనేజర్ ఆస్క్‌డ్ టు మి ఎ క్వశ్చన్” అన్న వాక్యం కనిపించింది. అంతకు ముందు ‘ఆస్క్’ దగ్గర ఆమె ఎన్నడూ తప్పు చేయలేదు. నేను చేయించిన అభ్యాసం, ఆమెకు సహజంగా వచ్చిన ఒకే ఒక్క ద్వికర్మక (మనిషి, వస్తువు అని రెండు కర్మలున్న) వాక్యాన్ని కూడా చెడగొట్టింది.

ఆ ‘టు’ను కొట్టివేసి, ఇక్కడ అక్కర్లేదని చెప్పాను. అప్పుడు ఆమె అన్న మాట ఈ కేసును మలుపు తిప్పింది: “నాకూ మొదట అక్కర్లేదనే అనిపించింది సార్. తెలుగులో ‘నన్ను అడిగారు’ అంటాం గానీ ‘నాకు అడిగారు’ అనం కదా. మీరు చేయించినవన్నీ చూశాక, మనిషి ఉన్న చోటల్లా ‘టు’ పెట్టాలేమో అనుకున్నాను.”

నేను మూడు వారాలుగా వెతుకుతున్నది ఆ మాటలో ఉంది. ఆమె తెలుగు విభక్తిని బట్టి ఇంగ్లీషు వాక్యం కడుతున్నారు. ‘అడుగు’ అనే క్రియకు తెలుగులో మనిషి పక్కన ‘ను’ వస్తుంది, వస్తువు పక్కన ఏమీ రాదు: ‘నన్ను ఒక ప్రశ్న అడిగింది’, ‘నన్ను దారి అడిగాడు’. ఇది తెలుగులో ఉన్న అసలు సిసలు ద్వికర్మక వాక్యం, ఇంగ్లీషు ‘ఆస్క్ మి ఎ క్వశ్చన్’తో అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. తక్కిన క్రియలకు, అంటే ఇచ్చు, పంపు, చెప్పు, చూపు, నేర్పు, వివరించు అనే వాటన్నిటికీ, తెలుగు మనిషికి ‘కు’ తగిలిస్తుంది. ఆ ‘కు’ను ఇంగ్లీషులో ఏం చేయాలో తెలియకపోవడమే ఆమె తప్పులన్నిటికీ మూలం.

కొసరుగా ఒక మాట. వ్యాకరణ శాస్త్రంలో ‘ద్వికర్మకం’ అన్న పేరు మనకు సంస్కృతం నుంచి వచ్చింది. పాణిని సంప్రదాయంలో ఈ జాతి ధాతువులను లెక్కపెట్టి పట్టిక వేశారు. పాలు పితకడానికి ‘గాం దోగ్ధి పయః’ అని, దారి అడగడానికి ‘మాణవకం పన్థానం పృచ్ఛతి’ అని పాఠ్య ఉదాహరణలు. రెండింటిలోనూ రెండు కర్మలూ ద్వితీయా విభక్తిలోనే ఉంటాయి. ‘ఇచ్చు’ మాత్రం ఆ పట్టికలో లేదు, దాన్ని పుచ్చుకునేవాడు సంప్రదానం, అతనికి చతుర్థి. సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు మూడూ ‘అడగడం’ దగ్గర కలుస్తాయి, ‘ఇవ్వడం’ దగ్గర ఇంగ్లీషు విడిపోతుంది. ఈ సంగతి ఆమెతో పంచుకున్నప్పుడు, తన తప్పు అజాగ్రత్త కాదని ఆమెకు మొదటిసారిగా నమ్మకం కలిగింది. వయోజనులకు ఆ నమ్మకం కలగడం చిన్న విషయం కాదు.

ప్రత్యయం చేసే పనిని చోటు చేస్తుంది

రోగం తెలిశాక మందు మార్చవలసి వచ్చింది. ‘ట్రైనర్‌ను కొత్త అసిస్టెంట్‌కు పంపాను’ అన్న వాక్యంలో మాటలను ఎటు తిప్పినా తెలుగులో అర్థం చెదరదు, ఎందుకంటే ‘ను’, ‘కు’ అనే ప్రత్యయాలు ఎవరు ఎవరో చెప్పేస్తాయి. ఇంగ్లీషులో క్రియ తర్వాత రెండు నామవాచకాలు ఏ గుర్తూ లేకుండా వరుసగా వస్తే, మొదటిది పుచ్చుకునేవారు, రెండోది అందే వస్తువు. అక్కడ చోటే విభక్తి. ‘సెంట్’ తర్వాత మొదట ట్రైనర్ వచ్చాడు కాబట్టి అతను పుచ్చుకునేవాడయ్యాడు, తర్వాత వచ్చిన అసిస్టెంట్ పంపబడిన మనిషి అయింది.

ఇంగ్లీషు ఎప్పుడూ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నామవాచకాలకు మనకు ఉన్నట్టే విభక్తి ప్రత్యయాలుండేవి, పుచ్చుకునేవారిని తెలిపే ప్రత్యేక రూపం ఉండేది, కాబట్టి మాటల వరుసకు కొంత స్వేచ్ఛ కూడా ఉండేది. ఆ ప్రత్యయాలు కాలక్రమంలో అరిగిపోయాయి. అవి చేసే పనిలో కొంత మాటల వరుసకు, కొంత ‘టు’ అనే మాటకు దఖలు పడింది. అందుకే నేటి ఇంగ్లీషులో ఒకే సంగతికి రెండు కట్టుబాట్లు, అంటే వాక్యం కట్టే తీరులు, మిగిలాయి: “షి గేవ్ మి ది ఫైల్” అన్నది చోటును నమ్ముకున్నది, “షి గేవ్ ది ఫైల్ టు మి” అన్నది ‘టు’ను నమ్ముకున్నది. రెండింటినీ కలిపి “షి గేవ్ టు మి ది ఫైల్” అంటే వినేవారి చెవికి మెలిక పడుతుంది. ‘సెండ్ టు యు ది రిపోర్ట్’లో ఆమె చేసిన తప్పు ఇదే.

ఆమెకు నేను చెప్పిన మొదటి సూత్రం ఇంతే: మనిషి ముందు వస్తే ‘టు’ వద్దు, మనిషి వెనక వస్తే ‘టు’ కావాలి. ఇది అన్ని క్రియలకూ పనికి రాదని అప్పుడే చెప్పాను.

క్రియల కుటుంబాలు

తర్వాతి నెలంతా ఒక నోటుపుస్తకంతో గడిచింది. ఆమె తన ఈమెయిళ్లలో వాడే క్రియలను ఒక్కొక్కటిగా తీసి, ఏ పేజీలో రాయాలో మేమిద్దరం కలిసి తేల్చుకున్నాం. మొదటి పేజీ తేలికగా నిండింది: గివ్, సెండ్, షో, టెల్, టీచ్, లెండ్, ఆఫర్, హ్యాండ్, పాస్, పే, ప్రామిస్, సెల్, ఓ (బాకీ ఉండడం), రైట్, రీడ్. ఇవన్నీ రెండు కట్టుబాట్లనూ ఒప్పుకుంటాయి, మనిషి వెనక్కి వెళ్తే ‘టు’ తీసుకుంటాయి.

రెండో పేజీ మీద ఎక్కువ సమయం పట్టింది, నాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చిన పాఠమూ అదే. బై, మేక్, ఫైండ్, గెట్, బుక్, ఆర్డర్, సేవ్ వంటి క్రియలకు మనిషి వెనక్కి వెళ్తే ‘టు’ కాదు, ‘ఫర్’ వస్తుంది: “ఐ బాట్ హిమ్ ఎ టికెట్”, “ఐ బాట్ ఎ టికెట్ ఫర్ హిమ్”. ఏ క్రియకు ‘టు’, ఏ క్రియకు ‘ఫర్’ అన్నది చాలామంది బట్టీ పడతారు. బడి వ్యాకరణంలో ‘కొఱకు, కై’ ఒక విభక్తిగా, ‘కి, కు’ మరొక విభక్తిగా విడదీసి చెప్పినా, వాడుకలో ‘నాకు ఇచ్చాడు’, ‘నాకు కొన్నాడు’ అని రెంటికీ ‘కు’నే వాడతాం కాబట్టి విభక్తి ఇక్కడ దారి చూపదు. అయితే తెలుగులో ఇంకో ఆనవాలు ఉంది: ‘పెట్టు’. కొనిపెట్టు, చేసిపెట్టు, వెతికిపెట్టు, బుక్ చేసిపెట్టు అంటాం. ఇచ్చిపెట్టు, పంపిపెట్టు, అమ్మిపెట్టు అన్నవాటిని తీసుకుంటే, మొదటి రెండూ పుచ్చుకునేవారి విషయంలో మన నోటికి రావు. ‘అమ్మిపెట్టు’ వస్తుంది గానీ అర్థం మారిపోతుంది, కొనుక్కునేవారికి అమ్మడం కాకుండా సొంతదారు తరఫున అమ్మడం అవుతుంది. ఆ అర్థంలో ఇంగ్లీషు కూడా ‘సెల్ ఇట్ ఫర్ మి’ అనే అంటుంది. ఒకరి మేలు కోసం ఇంకొకరు పని చేసిపెట్టే చోట తెలుగుకు ‘పెట్టు’, ఇంగ్లీషుకు ‘ఫర్’ అని ఆమె రాసుకున్నారు.

ఈ ఆనవాలుకు హద్దులున్నాయి. ‘చూపెట్టు’లో పెట్టు ఉన్నా ‘షో’కు ‘టు’ వస్తుంది. ‘చెప్పిపెట్టు’ అంటే ముందుగా తెలియజేసి ఉంచడం, అది మేలు చేసే పెట్టు కాదు. ఇంకో ముఖ్యమైన హద్దు ఆమె ప్రశ్న వల్లే బయటపడింది. “తలుపు తీసిపెట్టు అంటాం కదా సార్, మరి ‘ఓపెన్ మి ది డోర్’ అనవచ్చా?” అని అడిగారు. అనకూడదు, ‘ఓపెన్ ది డోర్ ఫర్ మి’ అనాలి. టికెట్ కొనిపెడితే టికెట్ నా చేతికి వస్తుంది, తలుపు తీసిపెడితే తలుపు నాది కాదు. పని పూర్తయ్యాక ‘ఆ మనిషికి ఆ వస్తువు ఉంది’ అని అనగలిగితేనే ఇంగ్లీషు ఆ మనిషిని క్రియ పక్కన కూర్చోబెడుతుంది. ‘నాకు ఒక టికెట్ ఉంది’ అన్నట్టు స్వాధీనాన్ని ‘కు’తోనే చెప్పుకునే తెలుగువారికి ఈ పరీక్ష చాలా సులువుగా పట్టుబడుతుంది.

అదే పరీక్ష ఊళ్లకూ చిరునామాలకూ పనికొస్తుంది. ‘ఐ సెంట్ ఎ లెటర్ టు లండన్’ అనవచ్చు. ‘ఐ సెంట్ లండన్ ఎ లెటర్’ అంటే మాత్రం లండన్ అన్నది అక్కడి కార్యాలయానికి పేరుగా వాడినప్పుడే కుదురుతుంది, ఎందుకంటే ఊరు ఉత్తరాన్ని పుచ్చుకోదు, ఊళ్లోని మనుషులు పుచ్చుకుంటారు. ‘టీచ్’ దగ్గర ఇదే భేదం సన్నగా వినిపిస్తుంది. ‘షి టాట్ దెమ్ ఇంగ్లీష్’ అంటే వాళ్లకు ఇంగ్లీషు వచ్చిందన్న ధ్వని కొంత ఉంటుంది. ‘షి టాట్ ఇంగ్లీష్ టు దెమ్’ అన్నప్పుడు పాఠం చెప్పారన్నంత వరకే. ఈ తేడా నియమం కాదు, చెవికి అందే ఛాయ మాత్రమే కాబట్టి ఆమెను దాని మీద అభ్యాసాలు చేయించలేదు.

‘ఎక్స్‌ప్లెయిన్’ ఎందుకు మొరాయిస్తుంది

మూడో పేజీలో ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్, రిపోర్ట్, రిటర్న్, డెలివర్, ప్రపోజ్, రిపీట్, ఇంట్రడ్యూస్, మెన్షన్, సే చేరాయి. వీటి పక్కన మనిషి ఒట్టిగా కూర్చోకూడదు, ‘టు’ తోడు ఉండి తీరాలి. ‘టెల్ మి ది రీజన్’ ఒప్పు, ‘ఎక్స్‌ప్లెయిన్ మి ది రీజన్’ తప్పు. ఎందుకని అడిగినవారికి ‘అది అంతే’ అని జవాబివ్వడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే కారణం కొంతవరకు తెలిసినదే. రెండు కర్మలను ఒప్పుకునే క్రియల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు సొంత మాటలు, పొట్టివి, లేదా ఆఫర్, ప్రామిస్ లాగా మొదటి అక్షరం మీద ఊనిక (నొక్కి పలకడం) ఉన్నవి. లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి వచ్చి, ఊనికను వెనక అక్షరం మీద పెట్టుకున్న మాటలు చాలావరకు ఒప్పుకోవు. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్ అని పైకి పలికి చూస్తే ఊనిక వెనకే పడుతుంది. ఈ ఒక్క చిట్కాతో ఆమె మూడో పేజీలో చాలా మాటలను తనంతట తానే పట్టుకున్నారు.

కానీ మినహాయింపులను దాచిపెట్టి నేర్పితే విద్యార్థి తర్వాత మోసపోయినట్టు భావిస్తాడు. ‘సే’ ఇంగ్లీషు సొంత మాట, ఒక్క అక్షరం, అయినా ‘సే మి’ అనకూడదు. ‘మెన్షన్’కు ఊనిక ముందే ఉంది, అయినా ఒప్పుకోదు. మరోవైపు అసైన్, అవార్డ్ అనే మాటలకు ఊనిక వెనక ఉన్నా ‘దే అసైన్డ్ హర్ ఎ టాస్క్’ అని హాయిగా అంటారు. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగే పిల్లలు కూడా కొంతకాలం ఇక్కడ తడబడతారు. తప్పని ఎవరూ ప్రత్యేకంగా చెప్పకుండానే, వినని వాక్యాలు తప్పని వాళ్లకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నను భాషాశాస్త్రవేత్త సి. ఎల్. బేకర్ 1979లో గట్టిగా లేవనెత్తారు. అప్పటి నుంచి దాని మీద చాలా చర్చ జరిగింది. పిల్లలకు ఏళ్ల తరబడి వినే అవకాశం ఉంది. ఈమెయిళ్లు రేపే రాయవలసిన పెద్దవారికి ఆ తీరిక లేదు కాబట్టి పేజీలు వేసుకోక తప్పదు.

‘సే’, ‘టెల్’ల గొడవను మాత్రం తెలుగే తీర్చింది. ఆమె రెంటికీ ‘చెప్పు’నే మనసులో పెట్టుకునేవారు. ‘సే’ అంటే ‘అను’ అని మార్చుకోమన్నాను. ‘నాతో అన్నాడు’ అంటాం, ‘నాకు చెప్పాడు’ అంటాం. ‘అను’కు మాటలు ముఖ్యం, ఎదుటి మనిషి ఉన్నా లేకపోయినా వాక్యం నిలుస్తుంది, ‘చెప్పు’కు సంగతి ఒకరికి చేరడం ముఖ్యం. ‘హి సెడ్ దట్’, ‘హి టోల్డ్ మి దట్’ అన్న తేడా ఆ రోజు తర్వాత ఆమె రాతలో మళ్లీ తారుమారు కాలేదు.

నాలుగో పేజీ చిన్నది. కాస్ట్, టేక్, చార్జ్, ఫైన్, బెట్ వంటివి మనిషిని పక్కన పెట్టుకుంటాయి గానీ ‘టు’తో వెనక్కి పంపనివ్వవు. ‘నాకు గంట పట్టింది’లోని ‘కు’ ఆమె చేత ‘టుక్ టు మి’ అని రాయించింది. ‘ఇట్ టుక్ మి ఎన్ అవర్’, ‘ది మిస్టేక్ కాస్ట్ అస్ త్రీ డేస్’ అని పది వాక్యాలు రాయించాక అది కుదుటపడింది.

‘ఆస్క్’ను ఏ పేజీలో పెట్టాలని ఆమె అడిగినప్పుడు, అది మీదే కాబట్టి అట్ట మీద రాసుకోండి అన్నాను. ఒక జాగ్రత్త మాత్రం చెప్పవలసి వచ్చింది. తెలుగులో ప్రశ్న అడిగినా వస్తువు అడిగినా క్రియ ఒకటే: ‘నన్ను దారి అడిగాడు’, ‘నన్ను ఫైలు అడిగాడు’. ఇంగ్లీషులో జవాబు కోరితే ‘ఆస్క్‌డ్ మి ది వే’, వస్తువు కోరితే ‘ఆస్క్‌డ్ మి ఫర్ ది ఫైల్’.

రెండూ ఒప్పైనప్పుడు ఏది మేలు

మొదటి పేజీ క్రియలకు రెండు కట్టుబాట్లూ ఒప్పే అయినా, ప్రతి చోటా రెండూ సమానంగా నప్పవు. ఆమె ఈమెయిళ్లలో ఒకటి ఇలా ఉంది: “ఐ సెంట్ ది రిపోర్ట్ విచ్ యు హ్యాడ్ ఆస్క్‌డ్ ఫర్ లాస్ట్ వీక్ అండ్ ది త్రీ అటాచ్‌మెంట్స్ టు హిమ్.” తప్పేమీ లేదు. కానీ ‘టు హిమ్’ దగ్గరికి వచ్చేసరికి చదివేవారు ఎవరికి పంపారన్న సంగతి కోసం వాక్యమంతా ఊపిరి బిగబట్టి ఉండాలి. ‘ఐ సెంట్ హిమ్’ అని మొదలుపెడితే బరువైన భాగం చివరికి చేరి, వాక్యం తేలికపడుతుంది. చిన్నది ముందు, పెద్దది వెనక. ముందే తెలిసినది ముందు, కొత్తది వెనక. సర్వనామం రెండు లక్షణాలూ కలిసిన మాట, పొట్టిదీ తెలిసినదీ కాబట్టి ముందు కూర్చోవడానికే ఇష్టపడుతుంది. భాషాశాస్త్రవేత్త జోన్ బ్రెస్నన్, ఆమె సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధన, అమెరికన్ ఇంగ్లీషు టెలిఫోన్ సంభాషణల్లోని ఇలాంటి వాక్యాలను పరిశీలించి, పొడవు, తెలిసినతనం, సర్వనామం కావడం, ప్రాణి కావడం వంటి అంశాలను కలిపి చూస్తే ఏ కట్టుబాటు వస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చని చూపించింది. ఎంపిక ఇష్టారాజ్యంగా జరగదన్న ఈ సంగతి ఆమెకు ధైర్యం ఇచ్చింది.

వస్తువే సర్వనామమైతే కథ తిరగబడుతుంది. ‘గివ్ ఇట్ టు మి’ అన్నది అంతటా చెల్లే రూపం. ‘గివ్ మి ఇట్’ అని బ్రిటన్‌లో మాటల్లో వినిపిస్తుంది, ఉత్తర ఇంగ్లండు వాడుకలో ‘గివ్ ఇట్ మి’ కూడా ఉంది. ఈమెయిళ్లలో మాత్రం మొదటిదే రాయమన్నాను. బరువు సూత్రం ‘ఎక్స్‌ప్లెయిన్’కు కూడా వర్తిస్తుంది. చివరి భాగం పొడవైతే ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ టు మి వై ది పేమెంట్ వాజ్ డిలేడ్’ అని ‘టు మి’ని మధ్యలోకి తేవచ్చు.

ఒక నుడికారం దగ్గర ఈ సూత్రాలేవీ నడవవు. ‘గివ్ మి ఎ కాల్’, ‘గివ్ ఇట్ ఎ ట్రై’ అన్నవాటిని ‘గివ్ ఎ ట్రై టు ఇట్’ అని విడదీయకూడదు. ఇక్కడ ఎవరూ దేన్నీ నిజంగా ఇవ్వడం లేదు.

రెండు నామవాచకాలు ఉంటే రెండు కర్మలేనా

ఐదో వారంలో ఆమె ఒక సిఫారసు లేఖ ముసాయిదా తెచ్చారు. అందులో “ఐ ఫౌండ్ హర్ ఎ గుడ్ అసిస్టెంట్” అని ఉంది. ఆమె సమర్థురాలైన అసిస్టెంట్ అని నాకు తెలిసింది అని ఆమె ఉద్దేశం. అదే వాక్యానికి ఆమెకు ఒక మంచి అసిస్టెంట్‌ను వెతికిపెట్టాను అన్న అర్థం కూడా ఉంది. మొదటి అర్థంలో ‘హర్’, ‘అసిస్టెంట్’ ఒకే మనిషి. రెండో అర్థంలో ఇద్దరు. ‘దే మేడ్ హర్ ది మేనేజర్’ అంటే ఆమే మేనేజర్. ‘దే మేడ్ హర్ ఎ కాపీ’ అంటే ఆమెకు కాపీ అందింది. మధ్యలో ‘అయింది’ పెట్టి చూడండి, కుదిరితే అది కర్మ మీద విశేషణం. ‘ఉంది’ పెట్టి చూడండి, కుదిరితే అవి రెండు కర్మలు. లేఖలో ఆమె ‘ఐ ఫౌండ్ హర్ టు బి ఎ గుడ్ అసిస్టెంట్’ అని దిద్దుకున్నారు, సందేహానికి చోటు లేకుండా పోయింది.

ప్యాసివ్ వాయిస్ దగ్గర తేలిన లెక్క

‘నాకు ఫారం ఇచ్చారు’ అన్న వాక్యాన్ని ఎంత తిప్పినా తెలుగులో ‘నాకు’ ‘నేను’గా మారదు. ఇంగ్లీషులో మారుతుంది: ‘ఐ వాజ్ గివెన్ ఎ ఫామ్’. ఆమెకు ఇది మొదట మింగుడు పడలేదు, ఇచ్చింది నేను కాదు కదా అన్నారు. క్రియ పక్కన ఒట్టిగా కూర్చున్న మనిషి నిజంగా కర్మ స్థానంలోనే ఉన్నాడనడానికి ఇదే రుజువు, ఎందుకంటే ప్యాసివ్‌లో కర్తృ స్థానానికి వెళ్లే హక్కు కర్మది. ఆ హక్కు లేని చోట వాక్యం కుంటుతుంది. ‘ఐ వాజ్ టోల్డ్ ది రీజన్’ సరైనది. ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ది రీజన్’ తప్పు, ‘ది రీజన్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి’ అనాలి. మన కార్యాలయాల ఇంగ్లీషులో ఈ తప్పు ఎంతగా పాతుకుపోయిందంటే, దిద్దినప్పుడు కూడా చాలామంది నమ్మరు. రెండో పేజీ క్రియలు ఇక్కడ కూడా కాస్త వేరుగా ప్రవర్తిస్తాయి: ‘హి వాజ్ బాట్ ఎ టికెట్’ అన్నది చాలామంది చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ‘ఎ టికెట్ వాజ్ బాట్ ఫర్ హిమ్’ అన్నదే సాఫీగా పోతుంది.

ఈ కేసు ఇప్పుడున్న స్థితి

మూడు నెలల తర్వాత ఆమె రాతలో మొదటి, నాలుగో పేజీల తప్పులు దాదాపు కనుమరుగయ్యాయి. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ రాతలో పోయింది గానీ, తొందరగా మాట్లాడేటప్పుడు ఇంకా దొర్లుతోంది. ఆమె చుట్టూ పనిచేసేవారంతా అలాగే అంటున్నప్పుడు అది త్వరగా పోతుందని నేను ఆశించడం లేదు. ‘ప్రొవైడ్’ ఇంకా ఇబ్బంది పెడుతూనే ఉంది. ‘ప్రొవైడ్ అస్ విత్ ది డీటెయిల్స్’ అని మనిషిని ముందు పెడితే ‘విత్’ కావాలి, ‘ప్రొవైడ్ ది డీటెయిల్స్ టు అస్’ అని వస్తువును ముందు పెడితే ‘టు’ కావాలి. ‘సప్లై’ కూడా ఆ తోవలోదే. వీటి కోసం ఐదో పేజీ తెరిచారు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. కొత్తగా చేరినవారి చేత ఇంగ్లీషు వాక్యాల కంటే ముందు తెలుగు వాక్యాలు రాయిస్తున్నాను, మనిషి పక్కన ‘ను’ వచ్చిందా, ‘కు’ వచ్చిందా, ‘తో’ వచ్చిందా, క్రియకు ‘పెట్టు’ తగులుతోందా అని గీతలు గీయించిన తర్వాతే ఇంగ్లీషులోకి వస్తున్నాం. ఖాళీలు పూరించే ప్రిపోజిషన్ అభ్యాసాలను ఈ పాఠానికి పూర్తిగా మానేశాను.

కిందటి వారం ఆమె ‘రికమెండ్’ను పట్టుకొచ్చారు. ఊనిక సూత్రం ప్రకారం మూడో పేజీలో వేయబోతే, ‘రికమెండ్ మి ఎ గుడ్ బుక్’ అని మాతృభాషీయులే అనగా విన్నానన్నారు. మాటల్లో కొందరు అలా అనడం నిజమే. రాతలో ‘రికమెండ్ ఎ గుడ్ బుక్ టు మి’ అన్నదే నిలుస్తుంది. ఆమె ఆ మాటను మూడో పేజీలోనే రాసి, పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టుకున్నారు.